పాత కారు గ్యారేజీలో పెట్రోల్ వాసనా? ఆ నల్ల డబ్బా ఉందో లేదో చూడండి!

1970ల నాటి అమెరికన్ మోడల్ కారు బానెట్ ఎత్తితే ఓ మూలన నల్లటి డబ్బా కనిపిస్తుంది. దానికి రెండు మూడు రబ్బరు పైపులు. దీంతో పనేముందిలే అని కొందరు ఓనర్లు పీకి పక్కన పడేస్తుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

దాని పేరు చార్‌కోల్ కెనిస్టర్. లోపల ఉండేది ఆవిరిని పీల్చుకునే ప్రత్యేకమైన బొగ్గు. అంతకుముందు కార్లలో పెట్రోల్ ఆవిరి ట్యాంకు మూతలోంచి, కార్బ్యురేటర్‌లోంచి నేరుగా గాల్లో కలిసేది. బండి కదలకపోయినా సరే! ఇలాంటి హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి స్మాగ్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో శాస్త్రవేత్త అరీ హాగెన్-స్మిట్ తేల్చారు. లాస్ ఏంజెలెస్ జనం కళ్లు మండింది ఆ స్మాగ్‌తోనే. చివరకు కాలిఫోర్నియాలో 1970 మోడళ్ల నుంచి, అమెరికా అంతటా 1971 మోడళ్ల నుంచి ఈ ఆవిరికి కళ్లెం పడింది.

పని చాలా సింపుల్. బండి ఆగి ఉన్నప్పుడు ఆవిరిని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజిన్ తిరుగుతుంటే ఆ ఆవిరి గాలితో పాటు ఇంజిన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. డబ్బా తీసేస్తే పవర్ పెరుగుతుందనేది ఉత్త మాటే.

మరి తీసేస్తే ఏమవుతుంది? ఈ కార్లలో ట్యాంకు మూత సీల్డ్ రకం. ట్యాంకు ఊపిరి పీల్చేది ఆ పైపు ద్వారానే. పైపు చివర మూసేస్తే పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల వాక్యూమ్ పెరిగి, పంపు లాగలేక ఇంజిన్ ఆగిపోవచ్చు. మూత తిప్పగానే 'హిస్స్' మని గాలి లోపలికి పోతుంది, బండి మళ్లీ స్టార్ట్ అవుతుంది! కొన్నిసార్లు ట్యాంకే సొట్టపోతుంది. పోనీ పైపు తెరిచి వదిలేద్దామా అంటే, ఆవిరి గ్యారేజీలోకే వస్తుంది. అది గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పేరుకుంటుంది. పక్కనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే ప్రమాదమే.

డబ్బా ఉన్నా వాసన వస్తోందంటే ముందు పైపులు చూడాలి. పాత రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ను తట్టుకోలేక పగులుతుంది. అందుకే ఇథనాల్‌కు పనికొచ్చే ఫ్యూయల్ పైపులే వేయించాలి. బంకులో నాజిల్ ఆగాక కూడా ఇంకొంచెం పోయించడం మరో తప్పు. పెట్రోల్ డబ్బాలోకి చేరితే బొగ్గు పాడైపోతుంది.

కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి మోడళ్లకు స్మాగ్ చెక్‌లో డబ్బా కనిపించకపోతే బండి ఫెయిలే. అంతకంటే పాత కార్లకు చెక్ లేదు కానీ, కంపెనీ బిగించిన ఈ సిస్టమ్‌ను పీకేయడం వాటికీ చట్టవిరుద్ధమే.