లేడీ బట్లరు : చిత్రకర్త్రి, ఆమె కుటుంబము

స్త్రీల జీవితచరిత్రములు వ్రాయునప్పుడు చరిత్రకారు లొక దోషమునకు దఱచుగా లోనగుచుందురు. ఆమె ప్రతిభ వెలిగినచో నా కీర్తిని దండ్రికో భర్తకో యప్పగింతురు. అది తగ్గినట్లు తోచినచో నా నిందను సంసారముపై మోపుదురు. విక్టోరియా రాణి కాలమున యుద్ధచిత్రములు వ్రాసి ఖ్యాతి గాంచిన ఎలిజబెత్ థాంప్సను, అనగా లేడీ బట్లరు, విషయమునను ఈ రెండు మాటలు వినబడుచున్నవి. ఆమె కుటుంబవృత్తాంతమును సంవత్సరక్రమమున బరిశీలించి, వీనిలో నెంత నిజమున్నదో నిర్ణయించుట యీ వ్యాసోద్దేశము.

ఎలిజబెత్ 1846వ సంవత్సరము నవంబరు 3వ తేదీన స్విట్జర్లాండులోని లోసాన్ పట్టణమున జన్మించెను. తండ్రి థామస్ జేమ్స్ థాంప్సను కలిమిగలవాడగుటచే నుద్యోగాపేక్ష లేక, ఇటలీకిని ఇంగ్లండునకును నడుమ సంచరించుచు, తన యిరువురు కుమార్తెలకు దానే గురువై విద్య గఱపెను. తల్లి క్రిస్టియానా వెల్లరు పియానో వాద్యమున బ్రసిద్ధురాలు, జలవర్ణచిత్రములును వ్రాయుచుండెడిది. 1844లో లివర్పూలులో నామె వాద్యమును విని నవలాకారుడగు డికెన్సు ముగ్ధుడయ్యెను. ఆతని మిత్రుడైన థాంప్సను మరుసటి యేడామెను వివాహమాడెను. రెండవ కుమార్తె ఆలిస్ మెయినెల్ (1847–1922) కవయిత్రిగా బేరొందెను. 1875లో వెలువడిన యామె తొలి పద్యసంపుటమునకు జిత్రములు వ్రాసినది అక్కయే.

అయినను గృహవిద్యయొక్కటియే యామెను జిత్రకర్త్రిని జేయలేదు. 1866లో సౌత్ కెన్సింగ్టనునందలి స్త్రీల చిత్రకళాశాలలో జేరెను. 1869లో ఫ్లారెన్సున బెల్లూచి యను నాచార్యునొద్ద రేఖాభ్యాసము చేసెను. రాయల్ అకాడెమీవారు మొదట నామె చిత్రములను ద్రోసిపుచ్చి, 1873లో నొకదానిని స్వీకరించిరి. 1874లో 'హాజరు పిలుపు' ప్రదర్శింపబడెను. క్రైమియా యుద్ధమున బోరు ముగిసిన పిదప, మంచునేలపై వరుసదీరి నిలిచిన గ్రెనడియరు సైనికులను బట్టీ ప్రకారము పిలుచుట అందలి విషయము. అలసినవారు, గాయపడినవారు, వరుసలోనే నేలకొఱిగినవాడు అందు గానవచ్చుచున్నారు. విజయఘోష మెచ్చటను లేదు. జనుల యొత్తిడికి జిత్రమునొద్ద పోలీసు కాపు పెట్టవలసివచ్చెను. మాంచెస్టరు వర్తకుడగు గాలోవే తనకై వ్రాయించుకొన్న యా పటమును రాణి కోరగా నాతడు వదలుకొనెను.

ఆమె యుద్ధమును గన్నులార జూచినది కాదు. కావున బ్రత్యక్షప్రమాణమున కీడైన దానిని శ్రమించి సమకూర్చుకొనెను. క్రైమియా కాలపు బాత దుస్తులను సేకరించెను. ఆ యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులనే యెదుట నిలిపి వ్రాసెను. 1875 నాటి 'కాత్ర్ బ్రా' పటమునకై రై ధాన్యపు చేనిని గొని త్రొక్కించి, పైరు నలిగిన తీరును బరిశీలించెను. స్త్రీలు చిత్రము వ్రాయజాలరని చెప్పుచుండిన రస్కిను ఆ పటమును జూచి తన పక్షమును విడిచెను.

1877లో నక్కచెల్లెండ్రిరువురికిని వివాహములైనవి. ఎలిజబెత్ భర్త విలియం ఫ్రాన్సిస్ బట్లరు ఐర్లండు దేశీయుడగు కాథలిక్కు. 69వ పటాలమున నుద్యోగియై బర్మాయందును జెన్నరాజధానియందును గొంతకాలముండినవాడు. వారికి బిడ్డలార్గురు. భర్త కొలువు మాఱినప్పుడెల్ల నామెయు నిల్లు మార్చవలసివచ్చెను.

పూర్వపక్ష మేమనగా : వివాహముతో నామె కళ క్షీణించెను. దీనికి ఆమె పటములే యుత్తరము. ఆఫ్‌గన్ యుద్ధమున 1842లో అలసిన గుఱ్ఱముపై జలాలాబాదునకు జేరిన వైద్యుడు బ్రైడనును జూపు 'సేనావశేషము' 1879 నాటిది. వాటర్లూ యుద్ధమున స్కాట్లండు ఆశ్వికులు చూపఱుల మీదికే వచ్చుచున్నట్లు తోచు 'స్కాట్లండ్ ఫరెవర్' 1881 నాటిది. రెండును వివాహానంతరము వ్రాసినవే. ఈ నడుమనే, 1879లో, అకాడెమీ యామెను సభ్యురాలిగా నెన్నుకొనక రెండు వోట్ల తేడాతో విడిచెను. ఆ సంస్థను 1768లో స్థాపించినవారిలో నిరువురు స్త్రీలుండిరి. పిదప ఆనీ స్విన్నర్టనును ఉపసభ్యురాలిగా నెన్నుకొనుటకు 1922 వఱకు నాగవలసివచ్చెను. ఆ రెండు వోట్లు ఆమె వంటయింటినుండి వచ్చినవి కావు.

సంసారము చేసినది మఱియొకటి కలదు. అది విషయమును మార్చెను. ఐర్లండు రైతుల దుఃఖమును భర్తవలె నామెయు నెఱుగును. 1890లో బ్రదర్శించిన 'వెడలగొట్టబడినది' యను పటమున, విక్లో సీమలో గూలద్రోసిన గుడిసె యెదుట నొక స్త్రీ యొంటరిగా నిలిచియున్నది. ప్రధానమంత్రి సాలిస్బరీ ప్రభువు అకాడెమీ విందులో దానిని బరిహసించెను. బట్లరు 1899లో దక్షిణాఫ్రికా సేనాధిపతియై యుండియు బోయర్లతో యుద్ధము వలదని వాదించి పదవి విడిచెను. యుద్ధకీర్తికై గాక అందలి వీరకరుణములకై తాను వ్రాసితినని యామె స్వీయచరిత్రమున జెప్పుకొనెను. 'హాజరు పిలుపు'నందలి మంచునేలకును విక్లోలోని గుడిసెకును సంబంధ మాకరుణరసమే. అది వివాహమునకు ముందే యామెయందున్నది. వివాహము దానికి గ్రొత్త యాలంబనము నిచ్చినది.

కావున సిద్ధాంత మిట్లు తేలుచున్నది. తండ్రి యవకాశ మిచ్చెను. భర్త యొక దేశముయొక్క దుఃఖమును జూపెను. గృహభారము కొంత కాలమును హరించెను. కాని కుంచె యామెది, నిరాకరణము సంస్థది. ఈ మూడింటిని వేఱుచేసి చూపని జీవితచరిత్రము ప్రశంసయైనను నిందయైనను న్యాయము కానేరదు. భర్త 1910లో గతించెను. ఆమె 1933వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఐర్లండులోని గోర్మన్‌స్టన్ కోటలో, తన 86వ యేట, బరమపదించెను.