మగ్గపు కూలి, మానెడు బియ్యము

ఒక దేశమున కూలి హెచ్చనియు, వేరొక దేశమున తక్కువనియు మనము తరచు వినుచుందుము. రూపాయలను, పౌనులను పక్కపక్కన పెట్టి చూచినంతనే ఎవరి కడుపు నిండినదో తెలియదు. ఆ కూలికి ఎంత ధాన్యము వచ్చునో చూడవలెను.

పెడన చుట్టును వరిచేలే. అయినను మగ్గమే ఆధారమైన నేతగాడు తిను ప్రతి గింజయు కొనవలసినదే. నేసిన తానుకు వచ్చు వెల యొకటి, బియ్యమునకు పోవు వెల యొకటి. ఈ రెంటి నడుమనే వాని సంసారము.

1611లో ఆంగ్లేయుల ‘గ్లోబు’ ఓడ బందరు రేవు చేరినది. డచ్చివారు అంతకు ముందే దిగియుండిరి. వారిని రప్పించినది మన బట్టల నాణ్యమును, చౌకయును. నేతగాండ్రు అర్ధాకలితో నేయుటచేతనే ఆ చౌక అని చాలకాలము చెప్పుచు వచ్చిరి. 1998లో ప్రసన్నన్ పార్థసారథి అను చరిత్రకారుడు 18వ శతాబ్దపు కూలిని ధాన్యముగా మార్చి చూచెను. దక్షిణ భారతపు నేతగానికి వారమునకు సుమారు 30 మొదలు 73 కిలోలు. బ్రిటనులోని వానికి 18 మొదలు 64 కిలోలు. ఇచ్చట గింజ చౌక గనుక తక్కువ వెండికే కడుపు నిండెనని ఆయన వాదము.

2006లో బ్రాడ్‌బెరీ, బిష్ణుప్రియ గుప్తాలు దీనిని కాదనిరి. వారి లెక్కలో 16వ శతాబ్దాంతమున భారతీయుని వెండి కూలి ఆంగ్లేయునిదానిలో అయిదవ వంతే. ధాన్యములో లోటు స్వల్పము. 18వ శతాబ్దము ముగియునాటికి ధాన్యములోను సగమునకు దిగువ. వారు ముఖ్యముగా కొలిచినది సామాన్యపు కూలిని. పనితనము గల నేతగాడు వేరు. కావున ఈ వివాదము ఇంకను తేలలేదనియే నా తలంపు.

అదియుగాక సగటు లెక్కలు కరవును దాచివేయును. 1832–33 నాటి నందన కరవు గుంటూరు సీమను ఊడ్చివేసెను. అట్టి యేట గింజ ధర పెరిగినకొలది బట్ట కొనువారు తగ్గుదురు. అనగా నేతగానికి రెండు వెలలును ఒక్కసారే ఎదురు తిరుగును. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టాకు నీరు వచ్చినది. కాని ఆ శతాబ్దముననే మరబట్టయు వచ్చి, నేసినదాని వెలను విరిచినది.

1983లో, గుడివాడ చేరువనున్న నిమ్మకూరున పుట్టిన నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రియై, కిలో రెండు రూపాయల బియ్యము ఇప్పించెను. కూలి పెంచక గింజ వెలనే దించు ఈ ఉపాయము, పై లెక్కను ఎరిగినవారికి క్రొత్తగా తోచదు.

2022–23 సర్వేలో మన దేశపు గ్రామీణ కుటుంబము ఖర్చులో నూటికి 46 పాళ్లు ఆహారమునకే పోయినవి. అమెరికాలో చేతికి వచ్చు ఆదాయమున ఆహారమునకు పోవునది సుమారు 11. అయితే మన 46లో ధాన్యమునకు పోయినది అయిదింటికి దగ్గర మాత్రమే; తక్కినది పాలు, కూరగాయలు, చేపలు, నూనె, అంగడి తినుబండారముల పాలు.