లైమ్‌హౌస్ సూది ఎందుకు మారింది?

లండన్‌లో థేమ్స్ ఒడ్డున లైమ్‌హౌస్ ఉంది. 1580 అక్టోబరులో ఒక నావికుడు అక్కడ దిక్పాతం, అంటే దిక్సూచి సూది అసలు ఉత్తరం నుంచి పక్కకు జరిగే కోణం, కొలిచాడు. అయస్కాంత సూది అసలు ఉత్తరానికి సుమారు 11¼° తూర్పుకు వాలింది. 1622లో ఒక ఖగోళశాస్త్ర ఆచార్యుడు అదే చోట కొలిస్తే దాదాపు 6° వచ్చింది.

ఆ 5° తేడా చిన్నది కాదు. 1600లో అచ్చయిన ఒక పెద్ద గ్రంథం ఏ చోటి దిక్పాతం ఆ చోట స్థిరమని చెప్పింది. అదే నిజమైతే రేవురేవుకూ పట్టిక వేసుకోవచ్చు, నడిసముద్రంలో సూదిని చూసి రేఖాంశం చెప్పవచ్చు.

మొదటి అనుమానం పాత కొలత మీద. కానీ ఆ నావికుడు ఒక్కసారి చూసి ఊరుకోలేదు. ఉదయం, సాయంత్రం సూర్యుడు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు జతలుగా రీడింగులు తీసి అచ్చువేశాడు. అవన్నీ ఒక డిగ్రీ లోపే కలుస్తాయి. 5° తప్పుకు అక్కడ చోటు లేదు.

రెండో అనుమానం దగ్గర్లోని ఇనుము. దీన్ని తేల్చింది మూడో కొలత. 1634లో నది అవతలి డెట్‌ఫర్డ్‌లో మరో ఆచార్యుడికి 4°కు కాస్త పైన వచ్చింది. ఒడ్డు మారినా, మనుషులు మారినా తగ్గుదల ఒకే వైపు సాగింది. ఇనుము అలా ఏళ్ల తరబడి వరసగా తగ్గించదు. 1635లో ఆయన తన నిర్ణయం అచ్చువేశాడు: కాలంతోపాటు దిక్పాతమే మారుతోంది.

నేనూ లెక్క వేసి చూశాను. 1622 నుంచి 1634 వరకు ఉన్న వేగాన్నే పొడిగిస్తే 1660 ప్రాంతంలో సున్నా రావాలి. లండన్‌లో సూది నిజ ఉత్తరానికి వచ్చింది ఇంచుమించు అప్పుడే. తర్వాత పడమటికి తిరిగి, 1820 నాటికి 24° దాటింది. ఈ వాదంలో నాకు అన్నిటికంటే బలంగా తోచిన సాక్ష్యం ఇదే.

రేఖాంశం ఆశ మాత్రం వెంటనే పోలేదు. 1701లో ఒక ఖగోళ శాస్త్రవేత్త తన ఓడయాత్రల కొలతలతో అట్లాంటిక్ దిక్పాత పటం అచ్చువేశాడు. మార్పు నెమ్మదిగా సాగుతోందని, కాలక్రమంలో అంతా సవరించాల్సి వస్తుందని కూడా అందులో రాశాడు. ఇప్పటి ఫోన్ దిక్సూచి ఆధారపడే ప్రపంచ అయస్కాంత నమూనానూ ఐదేళ్లకోసారి సవరిస్తున్నారు. పాత పటంలో దిక్పాతం అంకె కనబడితే, దాని పక్కనున్న సంవత్సరం ముందు చూడండి.