భామ వేషం ఎవరిది?

విశ్వవిద్యాలయంలో రాసేవాళ్ళు వేరు, ఆడేవాళ్ళు వేరు అనుకోవడానికి మనం అలవాటుపడిపోయాం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో, అంటే ఒక కవయిత్రి ఇంట్లో మొదలైంది. 1988లో ఆమె పేరుతోనే కళల స్కూలు ఏర్పడింది. నాటకం, చిత్రకళలతో పాటు కూచిపూడి కూడా అక్కడ ఉన్నత విద్య అయింది.

ఆ పట్టా స్త్రీల చేతికి రావడం చిన్న సంగతేమీ కాదు. కూచిపూడి గ్రామంలో భామ వేషం తరతరాలుగా బ్రాహ్మణ పురుషులదే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగానే ప్రసిద్ధులు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి మాత్రం రంగస్థలం నిషిద్ధం. 1963లో మద్రాసులో అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం లాంటి గురువుల దగ్గర ఆడపిల్లలు ఈ నృత్యం నేర్చుకున్నారు.

అయితే భామాకలాపాన్ని స్త్రీలు ఆడటం కొత్త కాదు. గోదావరి జిల్లాల కళావంతుల స్త్రీలు అంతకుముందే ఆడారు. 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత వాళ్ళ మేళాలు క్రమంగా మూతబడ్డాయి. ఒక స్త్రీ సమూహం వేదిక దిగిపోతుంటే మరో స్త్రీ సమూహం వేదిక ఎక్కింది. ఈ రెంటినీ కలిపి చదవకపోతే కులం కనిపించదు.

సాహిత్య పరిశోధకురాలిగా నా పేచీ ఇక్కడే. మన సిద్ధాంత వ్యాసాల్లో కళావంతుల స్త్రీలు వట్టి సమాచారదాతలు. భామ అలకని, గర్వాన్ని ఎలా అభినయించాలో తేల్చుకోవడం వ్యాఖ్యానం కాదా? పరిశోధన, సృజన ఒకే ఆవరణలోకి వచ్చాక కృతజ్ఞతల పేజీతో సరిపెట్టకూడదు. వ్యాఖ్యాతల వరసలో వాళ్ళ పేర్లు రాయాలి.