ఆచార్యుల పదవీ విరమణ.. విద్యార్థుల అవకాశాల లెక్క

విశ్వవిద్యాలయ కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఒక ఆచార్యుడు పదవీ విరమణ చేస్తారు. మరొకరికి పదోన్నతి లభిస్తుంది. కొత్తగా ఇంకొకరు విధుల్లో చేరతారు. శాలువా కప్పుతున్న ఛాయాచిత్రంతో ఆ వార్త జిల్లా పేజీలో వస్తుంది. చదివినవారు మనసులోనే అభినందించి పేజీ తిప్పేస్తారు. ఎంసీఏ, ఎమ్మెస్సీ, ఎంటెక్ చదువుతున్న విద్యార్థులు మాత్రం ఆ వార్త దగ్గర కాస్త ఆగాలి. సిబ్బందిలో వచ్చే ప్రతి మార్పుకూ పరిశోధక సీట్లతోనో, ఉద్యోగ ఖాళీలతోనో సంబంధం ఉంటుంది. ఆ సంబంధం తెలియక, గడువు ముగిశాక ఆరా తీసి ఏడాది కాలం నష్టపోయే గ్రామీణ విద్యార్థులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఏ వార్తకు ఏ అర్థమో, ఏ అవకాశానికి ఏ అర్హత కావాలో వివరించే ప్రయత్నమిది.

మూడు హోదాలు.. మూడు లెక్కలు

విశ్వవిద్యాలయ విభాగాల్లో బోధన సిబ్బందికి ప్రధానంగా మూడు హోదాలు ఉంటాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఏడో వేతన సవరణ ప్రకారం వీరి ప్రారంభ మూలవేతనాలు వరుసగా రూ.57,700, రూ.1,31,400, రూ.1,44,200.

విద్యార్థికి వేతనం కన్నా ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఏకకాలంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే పరిశోధక పర్యవేక్షకులుగా వ్యవహరించగలరు. వారికి పీహెచ్‌డీ ఉండాలి. గుర్తింపు పొందిన పత్రికల్లో ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్లకు కనీసం అయిదు, అసిస్టెంట్ ప్రొఫెసర్లకు కనీసం మూడు పరిశోధన పత్రాలు ప్రచురితమై ఉండాలి.

ఉదాహరణకు ఒక విభాగంలో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్ ప్రొఫెసర్లు, నలుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఉన్నారనుకుందాం. అందరికీ అర్హత ఉంటే గరిష్ఠంగా 8, 12, 16 కలిపి 36 మంది పరిశోధకులకు చోటు ఉంటుంది. ఇప్పటికే చేరి పరిశోధన సాగిస్తున్నవారిని తీసివేయగా మిగిలినవే ఆ ఏడాది ఖాళీలు. ప్రవేశ ప్రకటనలో సీట్లు ఒక ఏడాది పది, మరుసటి ఏడాది రెండు ఉండటానికి కారణం ఇదే.

విరమణకు మూడేళ్ల ముందే..

ఆచార్యుడు పదవీ విరమణ చేసిన రోజున సీట్లు తగ్గుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ తగ్గుదల మూడేళ్ల ముందే మొదలవుతుంది. సర్వీసు మూడేళ్ల కన్నా తక్కువ మిగిలిన అధ్యాపకులు కొత్త పరిశోధకులను చేర్చుకోరాదని 2022 నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. పీహెచ్‌డీ పూర్తికి కనీస వ్యవధి మూడేళ్లు కావడం ఇక్కడ గమనార్హం. అప్పటికే చేరినవారికి విరమణ వరకు పర్యవేక్షకులుగా కొనసాగవచ్చు. విరమణ తర్వాత 70 ఏళ్లు వచ్చే వరకు సహ పర్యవేక్షకులుగా మాత్రమే ఉండవచ్చు.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల విరమణ వయసు 65 ఏళ్లు. తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో యూజీసీ వేతనాలు పొందే విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయసును 60 నుంచి 65కు పెంచింది. విరమణ వయసు 65 ఉన్న చోట 62 దాటిన ఆచార్యుల వద్ద కొత్తగా చేరేందుకు వీలుండదు.

అందువల్ల పీహెచ్‌డీలో చేరదలచిన విద్యార్థి ఆచార్యుల పేరుప్రఖ్యాతులతో పాటు వారికి మిగిలిన సర్వీసునూ తెలుసుకోవడం మేలు. పరిశోధనకు గరిష్ఠ వ్యవధి ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్లు పొడిగించవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. చేరినప్పుడు పర్యవేక్షకులకు నాలుగేళ్ల సర్వీసే మిగిలి ఉండి, సిద్ధాంత గ్రంథం ఆరో ఏడాదికి గానీ పూర్తి కాకపోతే మధ్యలో పర్యవేక్షకుల మార్పు తప్పదు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే అదే విభాగంలో మరొకరిని సహ పర్యవేక్షకులుగా కోరే వీలుంటుంది.

పదోన్నతితో ఖాళీ రాదు

పదోన్నతి వార్త వెలువడగానే కింది పోస్టు ఖాళీ అయిందని నిరుద్యోగులు ఆశపడతారు. విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా అలా జరగదు. కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద ఇచ్చే పదోన్నతి ఆ వ్యక్తికి మాత్రమే పరిమితం. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారు ఈ పథకంలో ప్రొఫెసర్ స్థాయికి చేరినా మంజూరైన పోస్టు అసిస్టెంట్ ప్రొఫెసర్‌దిగానే ఉంటుంది. వారు విరమణ చేశాక అది తిరిగి మొదటి హోదాకే వస్తుంది. అంటే 'ప్రొఫెసర్ పదవీ విరమణ' అన్న వార్త వెనుక దాగి ఉన్నది అసిస్టెంట్ ప్రొఫెసర్ ఖాళీ కావచ్చు.

పదోన్నతితో పెరిగేవి పరిశోధక సీట్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అసోసియేట్ అయితే నాలుగు సీట్లు ఆరవుతాయి. ప్రొఫెసర్ అయితే ఎనిమిదికి చేరతాయి. ఇక కొత్త విభాగాధిపతి నియామకం పరిపాలన బాధ్యతల మార్పు మాత్రమే. దానివల్ల పోస్టులు గానీ సీట్లు గానీ మారవు.

అధ్యాపక పోస్టుకు అర్హతలు

కంప్యూటర్ సైన్స్ విభాగం అన్ని విశ్వవిద్యాలయాల్లో ఒకే గొడుగు కింద ఉండదు. కొన్నిచోట్ల సైన్సు కళాశాలలో, కొన్నిచోట్ల ఇంజినీరింగ్ కళాశాలలో ఉంటుంది. అర్హతలను నిర్ణయించేది కూడా అదే. అభ్యర్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

సైన్సు పరిధిలోని పోస్టులకు యూజీసీ నిబంధనలు వర్తిస్తాయి. సంబంధిత పీజీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ ఉత్తీర్ణత ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. యూజీసీ నిబంధనలకు లోబడి పీహెచ్‌డీ పొందినవారికి నెట్ నుంచి మినహాయింపు ఉంటుంది. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకాలకు పీహెచ్‌డీని తప్పనిసరి చేస్తూ 2018లో పెట్టిన నిబంధనను తొలుత 2023 వరకు వాయిదా వేశారు. ఆ ఏడాది జులైలో సవరించి నెట్, సెట్, స్లెట్‌లను కనీస అర్హతగా ఉంచారు. పీహెచ్‌డీ లేదని నిరాశ చెందనక్కర లేదు.

ఇంజినీరింగ్ పరిధిలోని పోస్టులకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) నిబంధనలు వర్తిస్తాయి. సంబంధిత శాఖలో బీటెక్, ఎంటెక్ ఉండి, రెండింటిలో ఒకదానిలో ప్రథమ శ్రేణి తప్పనిసరి. ఎంసీఏ కోర్సు బోధనకు మరో వెసులుబాటు ఉంది. గణితం తప్పనిసరి సబ్జెక్టుగా మూడేళ్ల డిగ్రీ, ప్రథమ శ్రేణిలో ఎంసీఏ, ఆ తర్వాత రెండేళ్ల సంబంధిత అనుభవం ఉన్నవారు అర్హులు.

నేరుగా అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు పోటీపడాలంటే యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీతో పాటు 8 ఏళ్ల అనుభవం, 7 పరిశోధన పత్రాలు ఉండాలి. ప్రొఫెసర్ పోస్టుకు 10 ఏళ్ల అనుభవం, 10 పత్రాలు అవసరం.

రిజర్వేషన్ రోస్టరునూ పరిశీలించాలి. కేంద్రీయ విద్యాసంస్థల్లో విభాగాన్ని కాకుండా సంస్థ మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకోవాలని 2019లో పార్లమెంటు చట్టం చేసింది. కాబట్టి కంప్యూటర్ సైన్స్‌లో ఖాళీ అయిన పోస్టు ఏ వర్గానికి దక్కుతుందన్నది ఆ విభాగాన్ని మాత్రమే చూసి చెప్పలేం.

నెట్, సెట్, గేట్.. దేని దారి దానిదే

నెట్‌లో 'కంప్యూటర్ సైన్స్ అండ్ అప్లికేషన్స్' సబ్జెక్టు కోడ్ 87. పరీక్ష మూడు గంటలు. మొదటి పేపరులో 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండో పేపరులో 100 ప్రశ్నలకు 200 మార్కులు. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గరిష్ఠ వయోపరిమితి లేదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)కు మాత్రం 30 ఏళ్లు. మహిళలకు, రిజర్వుడు వర్గాలకు అయిదేళ్ల సడలింపు ఉంది. జేఆర్‌ఎఫ్ మొత్తాన్ని 2023 జనవరి 1 నుంచి నెలకు రూ.31,000 నుంచి రూ.37,000కు పెంచారు. రెండేళ్ల తర్వాత వచ్చే సీనియర్ ఫెలోషిప్ రూ.42,000.

2024 జూన్ నుంచి నెట్ ఫలితాలను మూడు వర్గాలుగా ప్రకటిస్తున్నారు. మొదటిది జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం. మూడోది పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు వర్గాలవారికి పీహెచ్‌డీ ప్రవేశాల్లో నెట్ మార్కులకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ మార్కులు ప్రవేశానికి ఏడాది వరకే చెల్లుతాయి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు ఉన్నవారు పీజీ లేకపోయినా జేఆర్‌ఎఫ్, పీహెచ్‌డీ ప్రవేశాల కోసం ఈ పరీక్ష రాయవచ్చు. మూడేళ్ల డిగ్రీ వారికి పీజీ తప్పదు.

సెట్‌ను ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలంగాణలో ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్నాయి. ఇందులో ఉత్తీర్ణులైనవారి అర్హత ఆ రాష్ట్రంలోని విద్యాసంస్థలకే పరిమితం. నెట్ అర్హత దేశమంతటా చెల్లుతుంది.

ఎంటెక్‌లో చేరేవారికి గేట్ ప్రధానం. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్ అర్హతతో ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కళాశాలల్లో చేరినవారికి నెలకు రూ.12,400 చొప్పున 24 నెలల పాటు ఉపకార వేతనం అందుతుంది. నెట్‌లా కాకుండా గేట్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నలకు తప్పు సమాధానం రాస్తే మార్కులు తగ్గుతాయి.

తాత్కాలిక కొలువుల తీరు

శాశ్వత నియామకాలు ఆలస్యమైన చోట తరగతులను నెట్టుకొస్తున్నది ఒప్పంద, అతిథి అధ్యాపకులే. ఒప్పంద నియామకాలు మొత్తం అధ్యాపకుల్లో 10 శాతం మించరాదని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. అతిథి అధ్యాపకులకు తరగతికి రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50,000 చెల్లించాలని 2019లో యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు చెల్లించే మొత్తం వేరుగా ఉండవచ్చు. సెలవుల్లో తరగతులు ఉండవు కనుక ఆ నెలల్లో ఆదాయమూ ఉండదు. ఇంటి బాధ్యతలు ఉన్నవారు ఈ సంగతి తెలుసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

ప్రభుత్వ సంస్థల నిధులతో నడిచే పరిశోధన ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్, ప్రాజెక్ట్ అసోసియేట్ కొలువులు మరో దారి. వీటి ప్రకటనలు విభాగం నోటీసు బోర్డులో, విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో తక్కువ గడువుతో వెలువడతాయి. ప్రాజెక్టు ముగిస్తే కొలువూ ముగుస్తుంది. అయితే నెట్, గేట్ రాసి ఖాళీగా ఉన్నవారికి పరిశోధన అనుభవం సంపాదించేందుకు ఇవి ఉపకరిస్తాయి.

డిగ్రీ కళాశాలల అధ్యాపకులకు

మండల కేంద్రాల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతున్న అధ్యాపకులు ఉద్యోగం మానకుండానే పాక్షిక కాల పీహెచ్‌డీ చేయవచ్చు. పనిచేస్తున్న సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. దూరవిద్య, ఆన్‌లైన్ విధానంలో పీహెచ్‌డీకి అనుమతి లేదు. ఎంఫిల్‌ను 2022 నిబంధనలతో నిలిపివేశారు. ఇప్పుడు ఎంఫిల్ ప్రవేశాలంటూ ఎవరైనా ప్రకటిస్తే రుసుము చెల్లించవద్దు.

ప్రకటన వచ్చే వరకు ఆగవద్దు

2023లో ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టుల భర్తీకి ప్రకటనలు వెలువడినప్పుడు ధ్రువపత్రాల కోసం అభ్యర్థులు హడావుడి పడాల్సి వచ్చింది. పీజీ మార్కుల జాబితాలు, ఒరిజినల్ డిగ్రీ పట్టా, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, నెట్ లేదా సెట్ పత్రం, అనుభవ ధ్రువపత్రాలు, ప్రచురిత పత్రాల ప్రతులు ఒకే చోట సిద్ధంగా ఉంచుకోవాలి. తాత్కాలిక ధ్రువపత్రంతో కాలం గడపకుండా ఒరిజినల్ పట్టాకు వెంటనే దరఖాస్తు చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాక ముద్రిత ప్రతిని తపాలాలో పంపాలని కోరే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. ఆ ప్రతి గడువులోగా చేరకపోతే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. పోస్టు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులను దగ్గరికి రానీయవద్దు.

ఏటా ఒకసారైనా సమీప విశ్వవిద్యాలయ కంప్యూటర్ విభాగానికి స్వయంగా వెళ్లి మూడు వివరాలు అడిగి రాసుకోవడం మంచిది. వచ్చే మూడేళ్లలో ఎవరెవరు విరమణ చేస్తున్నారు? ఎవరి వద్ద పరిశోధక సీట్లు ఖాళీగా ఉన్నాయి? ఏ ప్రాజెక్టులు కొత్తగా మంజూరయ్యాయి? బస్సు ఛార్జీ, ఒక పూట సమయం తప్ప దీనికి ఖర్చు లేదు. ఈ మూడు జవాబులు చేతిలో ఉన్న విద్యార్థికి జిల్లా పేజీలోని పదవీ విరమణ వార్త ఇకపై కేవలం సన్మాన వార్తగా కనిపించదు.