చేతికీ ఆయుధానికీ మధ్య దూరం

ఆత్మహత్యల గురించి మన సమాజంలో బలంగా నాటుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. చావాలని నిశ్చయించుకున్న మనిషిని ఎవరూ ఆపలేరనీ, ఒక దారి మూస్తే మరో దారి వెతుక్కుంటాడనీ చాలామంది నమ్ముతారు. చదువుకున్నవారూ, చివరికి వైద్యులూ చాలాకాలం ఇలాగే అనుకున్నారు. గత అరవై ఏళ్ల చరిత్ర ఈ నమ్మకాన్ని కాదంటున్నది. ఆ చరిత్రను క్లుప్తంగా మీ ముందుంచుతాను. లైసెన్సు తుపాకీ ఉన్న మాజీ సైనికుల ఇళ్లకూ, పురుగుమందు డబ్బా ఉన్న రైతుల ఇళ్లకూ దానిలో ఒక పాఠం ఉంది.

మొదటి ఆధారం ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడి ఇళ్లలో ఒకప్పుడు బొగ్గు నుంచి తీసిన వంటగ్యాసు వాడేవారు. అది విషవాయువు. 1950ల చివర ఇంగ్లండు, వేల్సులలో జరిగిన ఆత్మహత్యల్లో దాదాపు సగానికి అదే సాధనం. తరువాత గ్యాసు తయారీ పద్ధతులు మారాయి, ఉత్తర సముద్రంలో దొరికిన సహజవాయువు ఇంటింటికీ చేరింది. వంటింట్లో విషం లేకుండా పోయింది. ఇది ప్రాణాలు కాపాడాలని చేసిన పని కాదు, ఖర్చు తగ్గించుకోవడానికి చేసినది. అయినా 1963లో 5,714గా ఉన్న ఆత్మహత్యల సంఖ్య 1975 నాటికి 3,693కు పడిపోయింది. అదే కాలంలో ఐరోపాలోని చాలా దేశాల్లో ఆత్మహత్యలు పెరుగుతున్నాయి. ఒక దారి మూసుకుపోయినప్పుడు అందరూ మరో దారి వెతుక్కోలేదు. వేలమంది బతికిపోయారు.

ఎందుకిలా జరిగిందని మీరు అడగవచ్చు. ఆత్మహత్యకు దారితీసే దుఃఖం నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండవచ్చు. కానీ ప్రాణం తీసుకోవాలన్న తీవ్రమైన తెగింపు ఎక్కువమందిలో కొద్దిసేపే ఉంటుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో, ప్రాణాపాయం నుంచి బయటపడిన యువతను ప్రశ్నించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య ఐదు నిమిషాలైనా గడవలేదని వారిలో దాదాపు నాలుగోవంతు మంది చెప్పారు. అమెరికాకే చెందిన రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్‌గేట్ వంతెన దగ్గర 1937 నుంచి 1971 వరకు ఇతరులు ఆపగలిగిన 515 మంది తరువాతి జీవితాలను ఆరా తీశాడు. నూటికి తొంభైమందికి పైగా బతికే ఉన్నారు, లేదా సహజ మరణం పొందారు. గండం గడిస్తే నూరేళ్లని మన పెద్దలంటారు. ఇక్కడ గండం అన్నది చాలాసార్లు కొన్ని నిమిషాల మాట. ఆ నిమిషాల్లో చేతికి ఏది అందుతుందన్నదే బతుకునూ చావునూ నిర్ణయిస్తుంది.

ఈ సంగతిని సైన్యాలు తమ అనుభవంతో తెలుసుకున్నాయి. ఇజ్రాయెల్‌లో యువ సైనికులు వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్లేటప్పుడు తమ తుపాకులను వెంట తీసుకుపోయేవారు. 2006లో అక్కడి సైన్యం ఈ పద్ధతి మార్చి, ఆయుధాన్ని స్థావరంలోనే ఉంచి వెళ్లమన్నది. 2003 నుంచి 2005 వరకు ఏటా సగటున 28 మంది సైనికులు ఆత్మహత్య చేసుకోగా, 2007, 2008లలో ఆ సగటు 16, 17కు దిగింది. దాదాపు నలభై శాతం తగ్గుదల. అదీ ముఖ్యంగా వారాంతాల్లోనే కనిపించింది. పనిదినాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే సైనికుల కష్టాలు మారలేదు, వారి చేతికీ ఆయుధానికీ మధ్య దూరం మారింది. స్విట్జర్లండులో 2003 సంస్కరణలతో సైన్యం సగానికి తగ్గి, ఇళ్లలో సైనిక తుపాకులు కూడా తగ్గాయి. అక్కడ తుపాకీతో జరిగే ఆత్మహత్యలు ఎంత తగ్గాయో, అందులో సుమారు 22 శాతం మాత్రమే ఇతర మార్గాలకు మళ్లినట్టు పరిశోధకులు లెక్కగట్టారు.

విధుల్లో ఉన్న సైనికుడి సంగతి ఇది. విరమణ తరువాత ఆయుధం సొంతమవుతుంది, ఆజ్ఞాపించే అధికారి ఉండడు. అమెరికాలో ఏటా ఆరువేల మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారు. వారిలో పదింట ఏడుగురు వాడినది తుపాకీనే. అందుకే అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ తుపాకీకి వేసే తాళాలను ఉచితంగా పంచుతున్నది. కష్టకాలంలో ఆయుధాన్ని ఇంటి బయట దాచుకోమని చెబుతున్నది.

ఇక మన దగ్గరికి వద్దాం. సైన్యంలో పనిచేసినవారికి 'కోత్' అనే మాట కొత్త కాదు. అది యూనిట్ ఆయుధాలన్నీ భద్రపరిచే గది. శాంతికాల స్థావరాల్లో కాపలా ముగించుకున్న జవాను తన రైఫిల్‌ను కోత్‌లో అప్పగించి, రిజిస్టరులో లెక్క చూపించాకే బ్యారక్‌కు వెళతాడు. ఆయుధం పనివేళ చేతిలో ఉంటుంది, విశ్రాంతి వేళ దూరంగా ఉంటుంది. ఎంత నమ్మకస్తుడైన జవానుకైనా ఇదే నియమం. దీన్ని ఎవరూ అవమానంగా భావించరు.

మన సిపాయిలు చాలామంది నలభై ఏళ్ల వయసుకు అటూఇటూగా పదవీ విరమణ చేస్తారు. పిల్లల చదువులు, ఇంటి అప్పు అప్పుడే మొదలై ఉంటాయి. అందుకే బ్యాంకుల్లో, నగల దుకాణాల్లో, నగదు తరలించే వాహనాల్లో గన్‌మన్‌గా చేరతారు. సొంత లైసెన్సు, సొంత తుపాకీ ఉన్నవారికి ఆ కొలువు సులభంగా దొరుకుతుంది. ఆ విధంగా ఇరవై ఏళ్లు కోత్‌కు అప్పగించిన ఆయుధం ఇప్పుడు పడకగది బీరువాలోకి వస్తుంది. పక్కనే నిలబడే సహచరులు లేరు, హోదా లేదు, యూనిట్ కబుర్లు లేవు. నిద్రపట్టని రాత్రులు, మద్యం, కీళ్లనొప్పులు, ఇంట్లో మాటపట్టింపులు ఉండవచ్చు. ఆయుధం మాత్రం రెండడుగుల దూరంలో ఉంటుంది.

మన ఆయుధ చట్టాల చరిత్ర ఈ కోణాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వైస్రాయి లిట్టన్ కాలంలో 1878లో వచ్చిన చట్టానికి తిరుగుబాటు భయం మూలం. స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం చేసి 1962 నుంచి అమలుపరచింది. నేరాల అదుపు దాని ప్రధాన దృష్టి. 2016 నియమాలు తుపాకీని భద్రంగా దాచుకుంటానని దరఖాస్తుదారు చేత హామీ తీసుకుంటున్నాయి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. దొంగ చేతికి, పిల్లల చేతికి తుపాకీ చిక్కకూడదన్న జాగ్రత్త వీటిలో ఉంది. యజమాని తన చేతి నుంచి తానే రక్షణ పొందవలసిన ఘడియ ఒకటి రావచ్చన్న ఆలోచన ఇంకా బలపడలేదు.

ఆ ఆలోచనకు కావలసిన దారులు మాత్రం ఇప్పటికే ఉన్నాయి. లైసెన్సుదారు తన ఆయుధాన్ని పోలీసు ఠాణాలో గానీ, లైసెన్సు పొందిన ఆయుధ వ్యాపారి దగ్గర గానీ స్వచ్ఛందంగా భద్రపరచి రసీదు పొందవచ్చు. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించడం మనకు అలవాటైన పనే. ఊరి ప్రశాంతత కోసం చేసే ఆ పనిని, ఇంట్లో చావో, విడాకులో, అప్పుల ఒత్తిడో, దీర్ఘవ్యాధో వచ్చిన రోజుల్లో ఇంటి ప్రశాంతత కోసం చేయడంలో చిన్నతనమేమీ లేదు. మామూలు రోజుల్లోనైనా తుపాకీలో తూటాలు ఉంచకూడదు. తుపాకీని ఒకచోట, తూటాలను మరొకచోట తాళం వేసి ఉంచాలి. యజమాని మనసు బాగాలేనప్పుడు ఇంట్లో తాళాలు మార్చుకోవడంతో సరిపెట్టుకోక, ఆయుధాన్నే ఇల్లు దాటించాలి.

తాళం ఒక్కటే ఎందుకు చాలదో తెలుసుకోవడానికి తుపాకీని కాసేపు పక్కనపెట్టి మన పొలాల వైపు చూడాలి. మన దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. అందులో తుపాకీ వాటా ఒక్క శాతమైనా లేదు. విషం వాటా సుమారు నాలుగోవంతు. తెలుగు పల్లెల్లో ఆ విషం చాలావరకు పురుగుమందే. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల మరణాలు దేశాన్ని కదిలించాయి. పురుగు తాకిడికి పంట పోయింది, అప్పు మిగిలింది. పంటను కాపాడలేని ఆ మందు ఇంట్లో చేతికందే చోట ఉండిపోయింది. ఆ చావులకు అప్పు, కరవు, మార్కెట్ మూలకారణాలు. వాటిని సరిదిద్దే బాధ్యత ప్రభుత్వాలది. కానీ ఒక రాత్రి దుఃఖం మరణంగా మారడంలో ఆ డబ్బా పాత్రను కూడా మనం చూడాలి.

పొరుగున ఉన్న శ్రీలంక దాన్ని చూసింది. 1995లో అక్కడ లక్షమందికి సుమారు 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. ప్రపంచంలోనే అత్యధిక రేట్లలో అదొకటి. 1980ల నుంచే ప్రమాదకరమైన మందులను తొలగించడం మొదలుపెట్టిన ఆ దేశం, 1995లో అత్యంత విషపూరిత వర్గానికి చెందిన పురుగుమందులన్నిటినీ ఆపివేసింది. పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి తగ్గింది. తరువాత అదే దేశంలో మరో ప్రయోగం జరిగింది. 180 గ్రామాల్లో సగం గ్రామాల రైతులకు పురుగుమందులు దాచుకోవడానికి తాళమున్న పెట్టెలు ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితం నిరాశ కలిగించింది. పెట్టెలు ఇచ్చిన గ్రామాలకూ ఇవ్వనివాటికీ తేడా కనబడలేదు. ఈ ఫలితం నుంచి నేను గ్రహించినది ఇది: పెట్టె ఇంట్లోనే ఉండి, దాని తాళపుచెవి బాధపడుతున్న మనిషి మొలతాడుకే ఉంటే ఆ తాళం అలంకారమే అవుతుంది. సైనికుడి కోత్‌కు ఉన్న బలం ఇంటి పెట్టెకు లేదు. కోత్ ఇంటికి దూరం, దాని తాళపుచెవి మరొకరి దగ్గర.

ఈ సత్యానికి మన తెలుగు నేలమీదే సాక్ష్యముంది. పాల్వంచ దగ్గరి పునుకుల, ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనెబావి వంటి గ్రామాలు రెండు దశాబ్దాల కిందటే పురుగుమందులు వదిలిపెట్టి వేపగింజల కషాయం వంటి పద్ధతులకు మారాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలా మారిన నాలుగు గ్రామాలను, మందులు వాడుతున్న గ్రామాలతో పోల్చిన అధ్యయనం 2009లో ప్రచురితమైంది. మారిన గ్రామాల్లో అంతకుముందు 14 ఆత్మహత్యలు జరగగా, ఆ తరువాత మూడే జరిగాయి. చిన్న సంఖ్యలే, వాటి మీద పెద్ద మేడ కట్టకూడదు. కానీ అవి చూపే దిశ ఇంగ్లండు, ఇజ్రాయెల్, శ్రీలంక చూపిన దిశే. తమిళనాడు కడలూరు జిల్లాలో రెండు గ్రామాలు మరో మార్గం ఎంచుకున్నాయి. పురుగుమందులను ఇళ్లలో కాక, బ్యాంకు లాకర్ల తరహాలో ఊరుమ్మడి గదిలో దాచుకున్నాయి. రైతులు దాన్ని సంతోషంగా అంగీకరించారు. అది పొలానికి కోత్ వంటిదే. మన ప్రభుత్వం 2018 నుంచి కొన్ని ప్రమాదకరమైన మందులను దశలవారీగా నిషేధిస్తున్నది. మిగిలిన వాటికి ప్రతి రైతు వేదికలోనూ, సహకార సంఘంలోనూ ఇలాంటి గది ఒకటి పెట్టడం అసాధ్యమేమీ కాదు.

నేనుండే తుర్కయంజాల్‌లో ఈ రెండు చరిత్రలూ కలుస్తాయి. నాగార్జునసాగర్ రోడ్డు మీద ఒకవైపు ఎల్.బి.నగర్ నుంచి పెరుగుతూ వచ్చిన కాలనీలు, వాటిలో విరమణ పొందిన ఉద్యోగులు. మరోవైపు ఇబ్రహీంపట్నం, యాచారం దిక్కున ఇంకా సాగవుతున్న పొలాలు. కాబట్టి ఇది చదువుతున్న మీలో కొందరి ఇంట్లో తుపాకీ, కొందరి ఇంట్లో పురుగుమందు ఉండవచ్చు. ఈ రోజే ఒక్కసారి చూడండి. మందు ఈ పంటకు కావలసినంతే కొనండి, మిగిలినది ఇంట్లో ఉంచకండి. తుపాకీ ఉంటే పైన చెప్పిన పద్ధతి పాటించండి. మీ అన్నయ్యో, బావగారో, పొరుగింటి మాజీ సుబేదారుగారో ఈ మధ్య ముభావంగా ఉంటూ, అందరికీ భారమయ్యానని అంటూ, వస్తువులు పంచిపెడుతూ ఉంటే ఊరుకోకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. చాలాసార్లు గుండె బరువు దిగుతుంది. "కొన్నాళ్లు నేను జాగ్రత్త చేస్తాను, కోత్‌లో ఉందనుకోండి" అని చెప్పి ఆ ఆయుధాన్ని ఠాణాలోనో వ్యాపారి దగ్గరో అప్పగించడానికి ఆయనతో పాటే వెళ్లండి. సైనికుడికి ఆ మాట అర్థమవుతుంది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో చికిత్స దాచుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలనీ, శిక్షించక చికిత్స అందించాలనీ చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్‌కు స్థానం లేదు. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా, తెలుగులోనే, ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. మాజీ సైనికులకు ఈ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్కులు ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమూ ఉంది. ప్రాణాపాయం కళ్లెదుట ఉంటే మనిషిని ఒంటరిగా వదలకండి, 108కు ఫోన్ చేయండి.

దుఃఖాన్ని మాన్పడానికి కాలం పడుతుంది. మందులు, మాటలు, మనుషులు కావాలి. ఆయుధాన్ని దూరం పెట్టడానికి మాత్రం ఒక్క పూట చాలు. మొదట ఆ పని చేయండి. మనిషి మిగిలితేనే మిగతా వైద్యమంతా.