పన్ను రాసిన కాగితం నుంచి ఆదాయం కాగితం దాకా



పోస్టు కొంచెం పొడుగే. కానీ స్కాలర్‌షిప్ రెన్యువల్ చేసుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవండి.

ఈపాస్ సీజన్ మొదలైతే అమీర్‌పేటలో మనోళ్లను గుర్తుపట్టడం చాలా తేలిక. మైత్రీవనం పక్క గల్లీల్లో జిరాక్స్ షాపు ముందు లైన్‌లో ఉంటారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్, అందులో ఆధార్, బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, దేవరకొండ వైపు నుంచి వచ్చి, అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఇరుకు రూముల్లో ఉంటూ, పగలు కాలేజీ, సాయంత్రం కోచింగ్. మేమూ ఆ లైన్‌లో నిలబడినోళ్లమే.

అట్లా నిలబడిన మాలో ఒక తమ్ముడు మధ్యలో చదువు ఆపేశాడు. వాళ్ల నాన్న డ్రైవర్. నెలకు ఇరవై అయిదు వేలు వచ్చేవి. మొదటి ఏడాది ఆదాయం లిమిట్ దాటిందని స్కాలర్‌షిప్ రాలేదు. రెండో ఏడాది మధ్యలో నాన్న చనిపోయాడు. "ఒకసారి రిజెక్ట్ అయింది కదా అన్నా, ఇంక రాదు" అన్నాడు. మేమూ నిజమే అనుకున్నం. ఫీజు కట్టలేక బట్టల షాపులో పనికి కుదిరాడు. అది తప్పని మాకు తర్వాత తెలిసింది. ఆ సంగతి చెప్పే ముందు అసలు ఈ కాగితం మన ఇళ్లలోకి ఎట్లా వచ్చిందో చూద్దాం.

సర్కారు మన ఇంటి లెక్క రాసుకోవడం మొదట మనకు ఇవ్వడానికి కాదు, తీసుకోవడానికి. నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాములు తరతరాలుగా పోడు చేసుకున్న నేలను రిజర్వు ఫారెస్టు అన్నారు. బంబ్రాం, దూపపెట్టి పేర్లతో పశువులు మేపినందుకు, పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకున్నందుకు పన్నులు వేశారు. భూమి దున్నింది మనోళ్లు, పట్టా మాత్రం బయటినుంచి వచ్చినోళ్ల పేరు మీద. జల్ జంగల్ జమీన్ అని నిలబడ్డ కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు.

ఆ తర్వాతే నిజాం సర్కారు కళ్లు తెరిచింది. గోండుల పరిస్థితి చూడమని హైమండార్ఫ్‌ని పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశాడు. 1943లో అక్కడ గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. అదే దశాబ్దంలో వేలమంది ఆదివాసులకు పట్టాలు ఇచ్చారు. భూమి, చదువు రెండూ కలిసి నడవడం ఊరికే జరగలేదు. చదువు రాకపోతే పట్టా చేతిలో ఉన్నా అందులో ఏం రాశారో తెలియదు కదా.

అదే రోజుల్లో ఢిల్లీలో ఇంకో పని జరిగింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో ఎస్సీలకు మొదలైంది. 1948-49లో ఎస్టీలకు కూడా వచ్చింది. తెలంగాణ లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చిన చట్టం 1976ది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన తండాల్లో, గూడేల్లో ఇంజనీరింగ్ అనే మాట మామూలైంది. 2011లో మీసేవ వచ్చింది. పన్ను కోసం రాసుకున్న సర్కారే ఇప్పుడు ఇవ్వడానికి రాసుకుంటోంది. కాకపోతే ఒక షరతు ఉంది. నీ ఇంటి ఆదాయం ఎంతో చెప్పాలి.

ఆ లిమిట్ సంగతి చూడండి. కేంద్రం ఎస్టీలకు 2013-14 నుంచి పెట్టిన లిమిట్ 2.5 లక్షలు. నెలకు లెక్కేస్తే 20,833 రూపాయలు. అప్పటి హాస్టల్ రూం అద్దె, ఇప్పటి అద్దె పోల్చుకోండి. పదేళ్లు దాటినా ఒకే అంకె ఉంటే, పేదరికం పోకుండానే మనిషి పేదల జాబితాలోంచి జారిపోతాడు. దీన్ని పెంచమని అడగడం మన సంఘాల పని. అందాకా ఉన్న రూల్సు మనకు తెలిసుండాలి.

కేంద్ర పథకం 2010 నాటి మార్గదర్శకాల్లో ఈ నాలుగు మాటలు ఉన్నాయి.

ఒకటి. తల్లిదండ్రుల్లో ఒక్కరు బతికున్నా వాళ్ల ఆదాయమే లెక్క. ఇంట్లో ఇంకెవరు సంపాదించినా కలపరు. పంజాగుట్టలో డెలివరీ చేసే అన్న జీతం కలిపి చెప్పి, లిమిట్ దాటిందని ఏడ్చిన చెల్లె మాకు తెలుసు. పెళ్లయి ఉద్యోగం లేని అమ్మాయికైతే భర్త ఆదాయం చూస్తారు.

రెండు. సంపాదించే తల్లి గానీ తండ్రి గానీ చనిపోయి, ఆదాయం లిమిట్ లోపలికి వస్తే, ఆ నెల నుంచే విద్యార్థి అర్హుడు. గడువు దాటినా దరఖాస్తు తీసుకోవచ్చు. మా తమ్ముడికి తెలియనిది, మేం చెప్పలేకపోయింది ఈ ఒక్క మాటే.

మూడు. ఒక కోర్సు ఏళ్ల తరబడి సాగితే ఆదాయం సర్టిఫికెట్ చేరేటప్పుడు ఒకసారి ఇస్తే చాలు. అయినా ఇక్కడ ఆ ఏడాది ఏం అడుగుతున్నారో నోటిఫికేషన్ చూసుకోండి. కొత్తది కావాలంటే మన సొంత మండలం తహసీల్దారు దగ్గర నుంచి రావాలి, అమీర్‌పేట తహసీల్దారుది పనికిరాదు. అందుకే చివరి వారం దాకా ఆగొద్దు.

నాలుగు. అబద్ధం రాస్తే స్కాలర్‌షిప్ రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకుంటారు, ఇంక ఏ స్కాలర్‌షిప్ రాకుండా చేస్తారు. నాన్నకు మంచి ఉద్యోగం వస్తే దాచొద్దు. అది తలదించుకునే విషయం కాదు, మన ఇంట్లో ఒక తరం పైకి వచ్చిందన్న మాట. ఆ డబ్బు ఇంకో గూడెం పిల్లకు చేరనీయండి.

రిజెక్ట్ అయితే నోటిమాటతో తిరిగి రావొద్దు. కారణం రాతలో అడగండి. కాలేజీలో తేలకపోతే జిల్లా గిరిజన సంక్షేమ ఆఫీసుకు, అక్కడా కాకపోతే మాసాబ్‌ట్యాంక్‌లో సంక్షేమ భవన్‌కు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కరే వెళ్లడానికి భయమైతే చెప్పండి, తోడు వస్తాం.

మన తాతలు కాగితం లేక భూమి పోగొట్టుకున్నారు. మా తమ్ముడు కాగితంలో ఏముందో తెలియక సీటు పోగొట్టుకున్నాడు. మీ హాస్టల్లో ఈ ఏడాది అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు ఉంటే ఈ రాత్రే వాళ్లకు రెండో మాట చదివి వినిపించండి. మిగతాది రేపు చూసుకుందాం.

జై సేవా. జై సేవాలాల్.